ఎవరూ వినని లోకాల చప్పుడు: సైన్స్ ఫిక్షన్ రేడియో నాటకంలో ధ్వని, గళం

రేడియో నాటకంలో వాన కురిసిందంటే శ్రోత తడిసినట్టే. రైలు కూత, గుర్రపు డెక్కల చప్పుడు, తలుపు కిర్రుమనడం, గాజు గ్లాసు భళ్లున పగలడం, ఇవన్నీ అతడు అదివరకు విన్నవే కాబట్టి నాటకకర్త ఒక ఆనవాలు అందిస్తే చాలు, తక్కినదంతా శ్రోత జ్ఞాపకమే సమకూర్చుకుంటుంది. సైన్స్ ఫిక్షన్ రేడియో నాటకానికి ఈ వెసులుబాటు లేదు. అన్యగ్రహం నుంచి దిగిన యంత్రం ఎలా మోగుతుందో, కాంతివేగానికి చేరువగా దూసుకుపోయే నౌక లోపల ఏ రొద వినిపిస్తుందో, ఊపిరితిత్తులే లేని జీవి ఎలా మాట్లాడుతుందో భూమ్మీద ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. అయినా ఈ ప్రక్రియ ఎనభై ఏళ్లకు పైగా శ్రోతలను నమ్మిస్తూనే ఉంది. ఎలా నమ్మిస్తోందన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నాటకాల్లో వింత ధ్వనికి తనంతట తానుగా అర్థం ఉండదు. దానికి అర్థం ఇచ్చేది మనిషి గొంతు. ఆ అర్థం కుదిరాక, గొంతు చెప్పింది నిజమేనని సాక్ష్యం పలికేది ధ్వని. ఈ పొత్తు కుదరని చోట ఎంత ఖరీదైన సౌండ్ ఎఫెక్టయినా వట్టి రొదగానే మిగిలిపోతుంది.

మందంగా మొదలైన ఒక ఝంకారం క్రమంగా పైస్థాయికి పోయి, చివర ఆవిరి వదిలినట్టు బుస్సుమని ఆగిందనుకుందాం. దాన్ని విడిగా వినిపిస్తే ఒకరికి అది లిఫ్టు, ఇంకొకరికి ఫ్యాక్టరీ యంత్రం, మరొకరికి ఆసుపత్రి పరికరం. అదే శబ్దానికి ముందు ఒక గొంతు ఆదుర్దాగా “రెండో ఇంజను కూడా పోతోంది” అంటే అది ప్రమాదంలో ఉన్న అంతరిక్ష నౌక అవుతుంది. “నిద్రపేటిక తెరుస్తున్నాను, లోపలి మనిషి కళ్లు మూసి నూట ఇరవై ఏళ్లయింది” అంటే ఆ శబ్దమే ఒక పునర్జన్మ అవుతుంది. శబ్దంలో ఒక్క కంపనం కూడా మారలేదు, మారింది మాట. సినిమాలో ఈ పనిని దృశ్యం చేస్తుంది, తెరమీద యంత్రం కనిపిస్తూ ఉంటే దాని శబ్దం ఏదైనా ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. రేడియోలో ఆంగికం (శరీర కదలిక) లేదు, ఆహార్యం (వేషం) లేదు; వాచికమే, అంటే మాటే, అన్నీ మోయాలి.

అయితే వాచికం మీద ఇంత భారం పెట్టడంలోనే ఈ ప్రక్రియకు పుట్టుకతో వచ్చిన చిక్కు ఉంది. “అదిగో, మన ఎదురుగా ఉన్న ఆ గుండ్రటి లోహపు తలుపు ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతూ మెల్లగా తెరుచుకుంటోంది” అని ఒక పాత్ర పక్కనే నిలబడి అదే తలుపును చూస్తున్న మరో పాత్రతో చెబితే, ఆ మాట పాత్ర కోసం కాదు, తన కోసమే రాశారని శ్రోతకు వెంటనే తెలిసిపోతుంది. నాటకం అక్కడ పలచబడుతుంది. అందువల్ల మంచి రచయితలు మొదట వెతికేది శబ్దాన్ని కాదు. చూసినదాన్ని బిగ్గరగా చెప్పక తప్పని స్థితిలో ఉన్న మనిషిని వెతుకుతారు. విలేఖరి, ఓడ లాగ్ రాసే అధికారి, రేడియో ఆపరేటర్, ఏమీ తెలియక ప్రశ్నలు వేసే కొత్తవాడు, కళ్లకు గంతలు కట్టిన బందీ, ఇలాంటివారికి వర్ణించడం సహజం. బీబీసీ 1924 జనవరి 15న ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక ‘డేంజర్’ సైన్స్ ఫిక్షన్ కాదు గానీ, ఈ చిక్కును మొట్టమొదట పసిగట్టిన రచన అది. కథంతా దీపాలు ఆరిపోయిన బొగ్గుగనిలో జరుగుతుంది, పాత్రలకూ శ్రోతకూ సమానంగా ఏమీ కనిపించదు. శిరస్త్రాణం అద్దం మసకబారిన వ్యోమగామి, కరెంటు పోయిన నౌక, గ్రహం చీకటి వైపు దిగిన బృందం, తరువాతి సైన్స్ ఫిక్షన్ నాటకాల్లో పదేపదే కనిపించే ఈ సన్నివేశాలన్నీ ఆ గనికి వారసులే.

ఈ పొత్తు ఎంత దూరం పోగలదో చూపిన ప్రసారం 1938 అక్టోబరు 30 రాత్రి అమెరికాలో సీబీఎస్ వినిపించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’. అంగారకులు భూమి మీద దాడి చేసే హెచ్.జి. వెల్స్ 1898 నాటి నవలను హోవార్డ్ కోచ్ వార్తా ప్రసారంలా రేడియోకు మలిచారు, ఆర్సన్ వెల్స్ దర్శకత్వం వహించి నటించారు. దాని గురించి మాట్లాడేవారు సాధారణంగా జనం అది నిజమని నమ్మి భయపడ్డారన్న దగ్గరే ఆగిపోతారు. దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందన్న కథ చాలావరకు నాటి పత్రికల అతిశయోక్తి అని తరువాతి పరిశోధకులు తేల్చారు. నిజంగా బెదిరినవారు ఉన్నారు గానీ, ఆ నాటకం విలువ అందులో లేదు. అది తన శబ్దాలను శ్రోత చేత ఎలా వినిపించుకుందో గమనిస్తే విలువ తెలుస్తుంది.

న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే ఊళ్లో ఆకాశం నుంచి ఒక లోహపు గొట్టం పడింది. దాని దగ్గర నిలబడిన విలేఖరి లోపలి నుంచి ఏదో ఝంకారం వస్తోందని చెప్పి, మైకును దానికి దగ్గరగా జరుపుతున్నానని అంటాడు, ఇప్పుడు వినిపిస్తోందా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి శ్రోత తన చెవిని తానే రిక్కిస్తాడు. అప్పుడు వినిపించిన సన్నని ధ్వని సాంకేతికంగా ఎంత సాదాదైనా అభ్యంతరం లేదు, ఎందుకంటే దాన్ని వెతికి పట్టుకున్నది శ్రోతే. తరువాత ఆ వస్తువు పైభాగం మరచుట్టులా తిరుగుతోందని విలేఖరి చెబుతాడు. లోహం రాపిడి వినిపిస్తుంది. సీబీఎస్ సౌండ్ ఎఫెక్టుల విభాగానికి అప్పట్లో ఓరా నికల్స్ అనే మహిళ నాయకత్వం వహించేవారు. ఆ బృందం కల్పించినవాటిలో ఎక్కువ భాగం మనం ఊహించే వింత శబ్దాలు కావు. జనం గుసగుసలు, పోలీసు సైరన్లు, కార్ల హారన్లు, ఓడల కూతలు, హోటల్లో వాయిస్తున్న నాట్య సంగీతం, ఇలా శ్రోతకు బాగా పరిచయమైనవే వరుసగా వినిపించి, వాటి నడుమ పరిచయం లేని ఒకటి రెండు ధ్వనులను ఉంచారు. తెలిసిన పది శబ్దాలు సాక్షులుగా నిలబడితే తెలియని ఒక్కటి నమ్మదగినదవుతుంది.

విలేఖరి పాత్ర ధరించిన ఫ్రాంక్ రీడిక్, అంతకు ముందు ఏడాది మే 6న న్యూజెర్సీలోనే హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ తగలబడుతుండగా హెర్బర్ట్ మారిసన్ చేసిన రికార్డింగును మళ్లీ మళ్లీ విని సిద్ధమయ్యారు. ఆ రికార్డింగులో మొదట వృత్తి విలేఖరి స్థిమితంగా మాట్లాడుతూ ఉంటాడు, మంటలు లేవగానే వాక్యాలు విరుగుతాయి, గొంతు పైస్థాయికి పోయి ఏడుపు దగ్గర ఆగుతుంది. రీడిక్ అందులోంచి ఈ విరుపును తీసుకున్నారు. అంగారకుల అగ్నికిరణం ఎలా మోగుతుందో ఎవరికీ తెలియదు గానీ, కళ్లెదుట మనుషులు కాలిపోతుంటే వర్ణించడం వృత్తిగా పెట్టుకున్నవాడి గొంతు ఏమవుతుందో తెలుసు. నా దృష్టిలో ఆ నాటకంలోని అతి గొప్ప సౌండ్ ఎఫెక్టు ఆ గొంతే. వెంటనే మైకు పడిపోతుంది, ప్రసారం తెగిపోతుంది, కొన్ని సెకన్లపాటు ఏమీ వినిపించదు. రేడియోలో నిశ్శబ్దం అంటే స్టేషనుకు ఏదో అయిందని అర్థం. దానిని సాగదీయడానికి దర్శకుడికి చాలా ధైర్యం కావాలి. ఆ తరువాత స్టూడియో ప్రకటనకర్త అక్కడి నుంచి ప్రసారం కొనసాగించలేకపోతున్నామని మర్యాదగా చెప్పి, పియానో సంగీతం మొదలుపెట్టడం ఆ నిశ్శబ్దాన్ని ఇంకా లోతు చేస్తుంది. ఇంకాసేపటికి న్యూయార్క్ నగరం మీద పొగ కమ్ముకుని, మేడమీద నుంచి మాట్లాడుతున్న ప్రకటనకర్త గొంతు కూడా ఆగిపోయాక, ఒక రేడియో ఆపరేటర్ ‘2ఎక్స్2ఎల్’ అనే తన సంకేతనామంతో పిలుస్తూ, గాలిలో ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాడు. జవాబు రాదు. ఒక మహానగరం నాశనమైందని చెప్పడానికి అక్కడ పేలుడు అవసరం కాలేదు.

ఒకసారి పేరు పెట్టిన శబ్దం నాటకంలో పదంలా పనిచేస్తుంది. నౌకకూ బయటి శూన్యానికీ మధ్య ఉండే గాలిగది తలుపు మూసుకున్నప్పుడల్లా మూడు దశల ధ్వని వినిపిస్తుందని అనుకుందాం: జారే చప్పుడు, గాలి బుస, చివర బిగుసుకున్న ‘ధన్’మనే మోత. మొదటిసారి ఎవరో ఒకరు దానికి పేరు పెట్టాలి. రెండోసారి పేరు అక్కరలేదు. మూడోసారికి శ్రోత ఆ ధ్వనిని గమనించడం కూడా మానేస్తాడు, సరిగ్గా అప్పుడే అది రచయిత చేతిలో ఆయుధమవుతుంది. ఉత్కంఠ పతాకస్థాయికి చేరిన ఘట్టంలో జారే చప్పుడు వచ్చి, బుస వచ్చి, చివరి మోత రాకపోతే, తలుపు బిగియలేదని ఏ పాత్రా చెప్పకుండానే శ్రోత గుండె ఝల్లుమంటుంది. ఇంజను రొద కూడా ఇలాంటిదే. ఎడతెగకుండా ఒకే తీరులో వినిపించే ధ్వనిని చెవి కొద్దిసేపటికే పట్టించుకోవడం మానేస్తుంది, అది ఆగినప్పుడు మాత్రం తక్షణం పసిగడుతుంది. అందుకే అంతరిక్ష నౌక నాటకాల్లో ఇంజను వినిపించే దృశ్యాలకన్నా ఇంజను ఆగిన దృశ్యాలే ఎక్కువ గుర్తుండిపోతాయి. ఆ రొదను తక్కువ పౌనఃపున్యాల్లో, మాటకు అడ్డు రాని చోట ఉంచడం కూడా ముఖ్యమే. మన హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది కనుక, అక్కడ రొద నింపితే నౌక ఘనంగా వినిపిస్తుంది గానీ సంభాషణ మునిగిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన పరిస్థితి 1981లో అమెరికా నేషనల్ పబ్లిక్ రేడియో ‘స్టార్ వార్స్’ను 13 భాగాల నాటకంగా ప్రసారం చేసినప్పుడు ఎదురైంది. సినిమాకు బెన్ బర్ట్ తయారుచేసిన ధ్వనులనే అందులో వాడారు కాబట్టి, కాంతిఖడ్గం మోతకు ఏ పాత్రా పేరు పెట్టనక్కరలేదు, జనానికి ఆ పదం అదివరకే వచ్చు. కానీ మాటలు లేని రోబో ఒకటి ఉంది, ఈలలు, కిచకిచలు తప్ప ఏమీ పలకదు. దాని పక్కన వాగుడుకాయ రోబో ఒకటి ఉండి, ప్రతి ఈలకూ కోపంగానో భయంగానో బదులిస్తుంది. మనం వినేది ఫోనులో ఒకవైపు సంభాషణలాంటిదే; బదులును బట్టి ప్రశ్నను కట్టుకుంటాం. ఆంథనీ డేనియల్స్ సినిమాలో తాను ధరించిన ఆ వాగుడుకాయ పాత్రను రేడియోలోనూ ధరించారు. నేను ఈ ఏర్పాటును ఎంతో మెచ్చుకుంటాను, ఎందుకంటే ధ్వనికి గొంతు అర్థం ఇవ్వడం అనే సూత్రాన్ని అది రెండు పాత్రల స్నేహంగా మార్చేసింది. వివరణ వివరణలా వినిపించదు, కజ్జాలా వినిపిస్తుంది.

వివరణ చిక్కును నేరుగా ఎదుర్కొన్న మరో నాటకం బీబీసీ రేడియో 4లో 1978 మార్చి 8న మొదలైన డగ్లస్ ఆడమ్స్ ధారావాహిక ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’. అందులో విశ్వకోశం లాంటి ఒక పుస్తకమే పాత్ర. కథకు అవసరమైనప్పుడల్లా పీటర్ జోన్స్ నింపాదిగా, కొంచెం తికమకపడుతున్నట్టుండే గొంతుతో దాని పుటలు చదివి వినిపిస్తారు. శాస్త్ర వివరణ ఇలా ఒక వ్యక్తిత్వంగా మారడంతో, పాత్రలు ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవలసిన పని తప్పింది. ఒక మంచి రాక్ ఆల్బమ్‌లో వినిపించినన్ని పొరలు తన నాటకంలో వినిపించాలని ఆడమ్స్ కోరుకున్నారు, బీబీసీలో కొత్త ధ్వనులను తయారుచేసే విభాగమైన రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఆ పొరలను పేర్చింది.

ఆ వర్క్‌షాప్ కథ చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. దాని మూలం పారిస్‌లో ఉంది. ఫ్రెంచి రేడియోలో ఇంజనీరుగా పనిచేసిన పియర్ షెఫర్ 1948లో రైళ్ల చప్పుళ్లతో, వంటపాత్రల మోతలతో సంగీత రచనలు చేశారు. గంట మోగిన తొలి క్షణాన్ని కోసేసి మిగతాది వినిపిస్తే అది గంటలా ఉండదని ఆయన గుర్తించారు. ఒక శబ్దం ఏ వస్తువుదో మనకు చెప్పే సమాచారంలో చాలా భాగం దాని ఆరంభంలోనే, ఆ మొదటి తాకిడిలోనే ఉంటుంది. తాకిడిని తీసివేస్తే గానీ, టేపును తిరగేసి అది చివరికి వచ్చేలా చేస్తే గానీ, వేగం తగ్గిస్తే గానీ, మూలవస్తువు మాయమై దాని లోహత్వం, బరువు, కంపనం మాత్రం మిగులుతాయి. సైన్స్ ఫిక్షన్ నాటకానికి ఇంతకంటే పనికివచ్చే ఆవిష్కరణ ఉండదనుకుంటాను. సాధారణ వస్తువు అనామకమైపోతుంది, అయినా ప్రకృతిలోని గరుకుతనం దానిలో ఉంటుంది.

లండన్ మైడా వేల్‌లో 1958లో డాఫ్నీ ఓరమ్, డెస్మండ్ బ్రిస్కో తదితరుల చొరవతో ఈ వర్క్‌షాప్ మొదలవడానికి కారణం రేడియో నాటకమే. మామూలు వాద్యబృందమూ మామూలు సౌండ్ ఎఫెక్టులూ అందించలేని మానసిక స్థితులను, స్వప్నాలను వినిపించాలని 1957 ప్రాంతంలో నాటక విభాగం చేసిన ప్రయోగాలు దానికి దారితీశాయి. అక్కడ పుట్టిన ధ్వనుల్లో అందరికీ తెలిసినది 1963లో బ్రయన్ హాడ్జ్‌సన్ చేసినది: ఇంటి తాళంచెవితో పాత పియానో మంద్రపు తీగలను గీసి, ఆ రికార్డింగును టేపు మీద మార్చి మార్చి ఒక కాలయంత్రం ఎగిరే శబ్దాన్ని సృష్టించారు. అది ‘డాక్టర్ హూ’ టెలివిజన్ ధారావాహిక కోసం చేసినదే అయినా, ఆ పద్ధతి మొత్తం రేడియో బల్ల మీద నేర్చుకున్నది. పూర్తిగా విద్యుత్ పరికరం నుంచి పుట్టిన శుద్ధస్వరం చెవికి నున్నగా, బరువు లేకుండా ఉంటుంది. తీగ మీద తాళంచెవి గీతలో ప్రతి క్షణం ఒక చిన్న తేడా ఉంటుంది, చెవి ఆ తేడాలను బట్టే అక్కడొక నిజమైన వస్తువు ఉందని నిర్ణయించుకుంటుంది. నేటి కంప్యూటర్ లైబ్రరీల్లో వేలకొద్దీ సిద్ధంగా ఉన్న ‘అంతరిక్ష’ శబ్దాలు చాలా నాటకాల్లో చప్పగా వినిపించడానికి ఈ లోపమే ప్రధాన కారణమని నా నమ్మకం.

ఇక గొంతును మార్చడం దగ్గరికి వద్దాం. గొంతు మనకు మాటలు మాత్రమే అందించదు, మాట్లాడేవాడి శరీరాన్ని కూడా అందిస్తుంది. గొంతు తంత్రుల కంపనం స్థాయిని నిర్ణయిస్తే, ఆ పైనున్న గొంతు, నోరు, ముక్కు కుహరాల పొడవు స్వరానికి రంగు ఇస్తుంది. ఆ పొడవును బట్టి మనం తెలియకుండానే మనిషి ఎత్తును, వయసును అంచనా వేస్తాం. టేపును రెట్టింపు వేగంతో తిప్పితే స్థాయి ఒక అష్టకం, అంటే రెట్టింపు, పెరగడమే కాక, ఆ కుహరాలన్నీ సగానికి కుదించినట్టు వినిపిస్తాయి; అందుకే అది సన్నగొంతు మనిషిలా కాక, బొమ్మంత జీవిలా తోస్తుంది. నెమ్మదిగా తిప్పితే కొండంత జీవి. అంటే రేడియోలో గొంతే ఆహార్యం. 1930ల చివర గిల్బర్ట్ రైట్ రూపొందించిన సోనోవాక్స్ ఇంకో దారి చూపింది. రెండు చిన్న స్పీకర్లను కంఠానికి ఇరువైపులా ఆనించి, ఏదో ఒక యంత్రధ్వనిని వాటి ద్వారా లోపలికి పంపి, మనిషి శబ్దం చేయకుండా నోటిని మాత్రం కదిపితే, ఆ యంత్రమే మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రింగ్ మాడ్యులేటర్ వీటన్నిటికంటే ప్రసిద్ధమైనది. అది గొంతును మరొక స్వరంతో గుణిస్తుంది. గొంతులో 200 హెర్ట్జ్ అంశం ఉండి, గుణించే స్వరం 30 హెర్ట్జ్ అయితే ఫలితంగా వచ్చేవి 170, 230. గొంతులోని 400 హెర్ట్జ్ అంశం 370, 430గా చీలుతుంది. మనిషి స్వరంలో అంశాలన్నీ ఒకే మూలసంఖ్యకు గుణిజాలుగా ఉంటాయి, ఆ పొందిక వల్లే అది శ్రుతిగా, సజీవంగా వినిపిస్తుంది. మాడ్యులేటర్ ఆ పొందికను చెడగొడుతుంది. మాట అర్థమవుతుంది గానీ పలికింది శరీరమున్న ప్రాణి కాదనిపిస్తుంది. ‘డాక్టర్ హూ’లోని డాలెక్ యంత్రజీవుల గొంతు ఈ పద్ధతిలోనే పుట్టింది. అయితే అందులో సగం పని నటులదే. ఒకే స్థాయిలో పలకడం, అచ్చులను సాగదీయడం, కోపం పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా పైకి పోవడం లేకపోతే ఆ పరికరం కేవలం చెడిపోయిన టెలిఫోనులా వినిపిస్తుంది. ఇక్కడొక ఆచరణ సమస్య కూడా ఉంది. టెలివిజన్‌లో ఏ డాలెక్ మాట్లాడుతోందో దాని తలమీది దీపాలు వెలిగి చెబుతాయి. బిగ్ ఫినిష్ సంస్థ 1999 నుంచి విడుదల చేస్తున్న ‘డాక్టర్ హూ’ శ్రవ్య నాటకాల్లాంటి చోట ఆ దీపాలు లేవు. ఒకే పరికరం గుండా వచ్చే మూడు గొంతులను విడదీయాలంటే లయలో, స్థాయిలో, ఒక్కొక్కరూ వాక్యాన్ని ముగించే తీరులో తేడా పెట్టక తప్పదు.

పరికరం అసలే లేకుండా భయపెట్టిన గొంతు గురించి చెప్పాలంటే చార్ల్స్ చిల్టన్ రాసి, నిర్మించిన బీబీసీ ధారావాహిక ‘జర్నీ ఇంటు స్పేస్’ గుర్తుకు వస్తుంది. 1953లో మొదలైన ఆ నాటకంలో నౌకలోని నలుగురి గొంతులూ పేరు వినకముందే గుర్తుపట్టేంత వేరుగా ఉంటాయి. వారిలో లెమీ అనే రేడియో ఆపరేటర్ లండన్ కాక్నీ యాసలో మాట్లాడుతాడు, భయపడతాడు, తనకు అర్థం కానిదాన్ని సిగ్గుపడకుండా అడుగుతాడు. శ్రోత అడగాలనుకున్న ప్రశ్న అతడి నోట వస్తుంది. 1954లో మొదలైన రెండో కథ ‘ది రెడ్ ప్లానెట్’లో విటకర్ అనే సిబ్బంది ఒకడు ఉంటాడు. అతడి గొంతుకు ఎలాంటి యంత్రస్పర్శా లేదు. ఎత్తుపల్లాలు లేకుండా, ఎవరికీ చెందనట్టు పలుకుతాడు. ఆజ్ఞలను ప్రశ్నించకుండా పాటించాలన్న మాటను పదేపదే అంటాడు. లెమీ తొట్రుపాటు పక్కన ఆ నున్నని పలుకు వినగానే, ఈ మనిషిలో మనిషి లేడని శ్రోతకు పాత్రలకంటే ముందే తెలిసిపోతుంది. నేటి నాటకకర్తలు దీనిని శ్రద్ధగా వినాలి. ఫోనుల్లోని సహాయక గొంతులు ఇప్పుడు దాదాపు మనుషుల్లా మాట్లాడుతున్నాయి కనుక, గరగరమనే రోబో గొంతు శ్రోతకు పాతకాలపు బొమ్మలా అనిపిస్తుంది. ఊపిరి తీసుకోకపోవడం, సంభాషణలో ఎక్కడా ఎదుటివారి మాటకు అడ్డు తగలకపోవడం, దుఃఖవార్తకూ వాతావరణ వార్తకూ ఒకే విరామం ఇవ్వడం, ఇవే ఈనాటి యంత్రలక్షణాలు. వాటిని నటుడే చేయగలడు, ఏ పరికరమూ చేయనక్కరలేదు.

అంతరిక్షంలో శబ్దం ప్రయాణించదు కాబట్టి పేలుళ్లు వినిపించడం తప్పు అన్న విమర్శ తరచూ వింటాం. అది నిజమే గానీ, రేడియో నాటకంలో అసలు ప్రశ్న మరొకటి: శ్రోత చెవి ఎక్కడ ఉంది? చెవిని శిరస్త్రాణం లోపల పెడితే శూన్యం అడ్డే కాదు. అక్కడ ఊపిరి ఉంది, గాలి తిప్పే చిన్న పంకా రొద ఉంది, సహచరుల మాటలు రేడియోలో పలచబడి వినిపిస్తాయి. సుత్తి దెబ్బ చేతి ఎముకల గుండా మొద్దుగా తాకుతుంది. ఈ దృష్టి కుదిరితే శాస్త్రమూ నాటకమూ ఒకే దిక్కుకు నడుస్తాయి. రేడియో మాటకు టెలిఫోను పరిధిని, అంటే సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు మాత్రమే ఉంచితే చాలు, దూరం వచ్చేస్తుంది. అపోలో యాత్రల సంభాషణల్లో వినిపించే ‘బీప్’లకు కూడా ఒక నిజమైన పని ఉండేది. భూమ్మీది కేంద్రాల్లోని ట్రాన్స్‌మిటర్లను దూరం నుంచి తెరవడానికి 2525, మూయడానికి 2475 హెర్ట్జ్ స్వరాలను పావు సెకను చొప్పున పంపేవారు. ప్రజలు విన్నది ఆ స్విచ్చుల చప్పుడే. అలా ఒక ఇంజనీరింగ్ ఏర్పాటు అంతరిక్షానికే గుర్తుగా నిలిచిపోయింది, ఇప్పుడు ఆ బీప్ వినిపిస్తే ఏ గొంతూ చెప్పకుండానే కథ భూమిని వదిలేస్తుంది.

అంగారకుడి మీద మాత్రం నిజంగానే శబ్దం ఉంది. 2021లో అక్కడ దిగిన పర్సివరెన్స్ రోవర్ మైక్రోఫోన్లు గాలి సవ్వడిని, తన చక్రాల చప్పుడును రికార్డు చేశాయి. అక్కడి వాతావరణ పీడనం భూమి మీదున్నదానిలో ఒక శాతం కూడా లేదు, ఉన్నదంతా దాదాపు కార్బన్ డయాక్సైడే. శబ్దవేగం సెకనుకు సుమారు 240 మీటర్లు, మన దగ్గర అది 340కి పైగా ఉంటుంది. పైస్థాయి ధ్వనులను ఆ వాయువు త్వరగా మింగేస్తుంది. కాబట్టి అంగారకుడి మీద తుఫాను చెవులు చిల్లులు పడేలా హోరెత్తితే అది భూమి తుఫానే. సన్నగా, మొద్దుగా, కొద్ది దూరంలోనే ఆరిపోయే గాలి వినిపిస్తే శ్రోతకు ఊరికే అర్థం కాదు, కానీ “ఇంత దగ్గరగా అరుస్తున్నా నీకు వినిపించడం లేదా?” అని శిరస్త్రాణంలోని రేడియో చెడిపోయిన పాత్ర చేత అనిపిస్తే ఆ నిజం ఒక్కసారిగా ప్రాణాపాయమవుతుంది.

దూరం కూడా ధ్వనిగా మారగలదు. చంద్రుడి దగ్గరకు రేడియో తరంగం చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది, అంటే ప్రశ్నకూ జవాబుకూ మధ్య కనీసం 2.6 సెకన్ల ఖాళీ. రేడియోలో అది చాలా పెద్ద విరామం. ప్రమాదంలో ఉన్నవాడు అడిగిన ప్రశ్నకు ప్రతిసారీ అంత ఖాళీ పెడితే, ఏ వర్ణనా లేకుండా మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్ల దూరం శ్రోతకు అనుభవమవుతుంది. అంగారకుడి నుంచి అయితే గ్రహాల స్థానాన్ని బట్టి ఒకవైపుకే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడ సంభాషణే అసాధ్యం. నాటకం ఉత్తరాల రూపం దాల్చాలి: ఒక గొంతు ఇరవై నిమిషాల క్రితం పలికిన ధైర్యవచనాలు, వాటిని వింటున్నవాడి ఇప్పటి స్థితితో పొసగకుండా వినిపిస్తాయి. ఈ పొసగనితనాన్ని వాడుకునే నాటకాలు ఇంకా చాలా తక్కువ. రచయితలు చాలామంది సౌకర్యం కోసం ఆలస్యాన్ని కథలోంచి తీసేస్తారు, శబ్దంతో మాత్రమే చెప్పగల ఒక గొప్ప అవకాశాన్ని అలా చేజార్చుకుంటారు.

ఇప్పుడు ఈ నాటకాలను ఎక్కువమంది పాడ్‌కాస్టులుగా, ఇయర్‌ఫోన్లలో వింటున్నారు. దీనితో మైకు దూరం కొత్త అర్థం పొందింది. ప్రతిధ్వని లేకుండా, నోటికి అతి దగ్గరగా రికార్డు చేసిన గొంతును రెండు చెవులకూ సమానంగా పంపితే అది ఎదుట నుంచి కాక తల లోపలి నుంచి వస్తున్నట్టు తోస్తుంది. మనసుతో మనసుకు మాట్లాడే జీవికి ఇంతకు మించిన వేదిక లేదు: తక్కిన పాత్రలన్నీ గదిలో ఎడమనో కుడినో, గోడల ప్రతిధ్వనితో ఉంటే, ఆ ఒక్క గొంతు మాత్రం శ్రోత పుర్రెలో ఉంటుంది. అదే భాగాన్ని స్పీకర్లో వింటే ఆ తేడా అంతా పోయి, అది మామూలు దగ్గరి గొంతుగా మిగులుతుంది. ఇద్దరు శ్రోతలకూ న్యాయం చేయాలంటే కథలో ఎవరో ఒకరు, ఆ గొంతు వినిపించిన క్షణంలో, “ఇప్పుడు మాట్లాడింది ఎవరు? నాకేమీ వినిపించలేదే” అని అడగాలి. మిక్సింగ్ బల్ల మీద ఎంత పని జరిగినా ఆ వాక్యం స్క్రిప్టులో ఉండి తీరాలి.